కస్తూరి తెలియని ముక్కు

1986 వైశాఖంలో ఒక ఉదయం అత్తర్ల దావూద్ పెట్టుకున్న పని చిన్నదే. పన్నీరులో రెండు చుక్కల కస్తూరి అత్తరు కలిపి, తొమ్మిదింటికల్లా నాగభూషణరావు గారి పెద్దమ్మాయి పెళ్లిపందిట్లో అందించాలి. కళ్లు మూసుకుని ఏ అత్తరునైనా పేరుపెట్టి చెప్పగల ముక్కు అతనిది. నరసరావుపేట బజారంతా ఆ ముక్కును మెచ్చుకునేది, అతనూ కాదనేవాడు కాదు. ఖరీదైన సరుకని కస్తూరి మాత్రం అంతకుముందెన్నడూ తెప్పించలేదు; ఇప్పుడే మొదటిసారి గుంటూరు వ్యాపారి దగ్గర కొన్నాడు.

రెండు చుక్కలు వేసి వాసన చూశాడు. గులాబీ తప్ప ఇంకేమీ లేదు. మరో పది వేశాడు. అదే గులాబీ. అనుమానమొచ్చి తల్లి హజ్రా బీకి అత్తరు సీసా అందించాడు. కొడుక్కి ఆ ముక్కు ఇచ్చింది ఆవిడేనని ఊళ్లో చెప్పుకుంటారు.

"ఏందిరా ఇది, ఉత్త నూనె! గుంటూరోడు నిన్ను ముంచాడు," అందావిడ.

భార్య మెహరున్నీసా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "చాలండీ, చానా ఎక్కువైంది, తల తిరుగుతా ఉంది!"

"నీకు జలుబు చేసినట్టుంది, లోపలికి పో," అని దావూద్ సీసా మొత్తం పన్నీరులో వంచేశాడు.

పందిట్లో పన్నీరు చల్లుతుండగానే ముందు వరుస ఖాళీ అయింది. సన్నాయి ఆయనకు తుమ్ములు ఆగలేదు. పురోహితుడు ముక్కుకు కండువా చుట్టుకుని మంత్రాలు చదివాడు. ఫలహారాల దగ్గర ఇడ్లీ, పులిహోర, కాఫీ అన్నీ కస్తూరే.

"ఏం కలిపావయ్యా? మగపెళ్లోళ్లు లేచిపోతామంటున్నారు!" అని నాగభూషణరావు గారు మీదికొచ్చారు.

"అసలు వాసనే లేదు గదండీ!" అన్నాడు దావూద్, అమాయకంగా.

అందరూ అతని ముక్కు వైపు చూశారు. ఇరవై ఏళ్ల పేరు ఒక్క పూటలో పోయిందనుకున్నాడు దావూద్. రేపటినుంచి తన కొట్టు గడప తొక్కేదెవరు?

పెళ్లికొడుకు మేనమామ సుబ్బరామయ్య గారు కాలేజీలో జువాలజీ లెక్చరర్. ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చారు. "ఆగండాగండి! ఏమయ్యా, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ వాసన తెలీలేదా?"

"మా అమ్మకీ తెలీలేదండీ."

ఆయన మొహం వెలిగిపోయింది. ఒక్కో రకం వాసన పట్టడానికి ముక్కులో ఒక్కో తాళంకప్ప లాంటిది ఉంటుందని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారట. దాన్ని తయారుచేసే జీన్ తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందట.

"నీకు ఒక్క కప్పే లేదు నాయనా, మిగతావన్నీ భేషు! ఇట్లాంటి ముక్కు గురించి చదివానే గానీ కళ్లారా చూడలేదు," అని దావూద్‌ను కావలించుకున్నారు. మేనమామ అంతటివాడే మెచ్చుకున్నాక మగపెళ్లివారు అలక మానేసి, ఒక్కొక్కరే వచ్చి ఆ ముక్కును గౌరవంగా చూసిపోయారు.

సాయంత్రం నాగభూషణరావు గారు మనిషిని పంపారు. రెండో అమ్మాయి పెళ్లికి కూడా పన్నీరు దావూదే కలపాలట, వాసన మాత్రం మెహరున్నీసా చూడాలట.