గట్టిదని తేలిన సన్యాసిరావు

కోరాడ సన్యాసిరావు ఇరవై ఏడేళ్ల సర్వీసు నిండిన మంగళవారంనాడు, హాజరుపట్టీలో సంతకం పెడుతూ పెడుతూనే గోమేధికంగా మారిపోయాడు. హెడ్‌గుమాస్తా ఆ సంగతి సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో నమోదు చేసి, సంతకం పూర్తయింది కనక సెలవు కోయనక్కర్లేదని పక్కనే రాశాడు. ఆ దయకు సన్యాసిరావుకి కన్నీళ్లు రావలసిందే. రాళ్లకు రావు కనక రాలేదు.

ఆయన పనిచేసేది భీమిలి దగ్గర ఒక రత్నపరీక్ష కార్యాలయంలో. కొన్ని గోమేధికాలకు పుట్టుకతోనే అణుధార్మికత ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది రాయి లోపలి అమరికనే చిందరవందర చేస్తుంది. అంచులు మాత్రం చెక్కుచెదరవు. సన్యాసిరావుదీ ఆ జాతే. పై అధికారికి చెప్పాలనుకుని మింగేసిన ప్రతి మాటా లోపల ఎక్కడో చిన్నగా పేలి ఆరిపోయేది. ముక్కూ, మీసమూ, జేబులో పెన్నూ ఉన్నచోటే ఉన్నాయి. పైన పటారం లోన లొటారం అన్న సామెతను ఆ ఆఫీసులో ఎవరూ పైకి అనరు.

రాయైన ఉద్యోగికి గట్టితనం పరీక్ష తప్పదు. ఒక పగలంతా ఆమ్లపు తొట్టిలో కూర్చోవాలి. లోపల చెడిన రాయి కొద్దికొద్దిగా కరుగుతుంది. కరిగినట్టు తేలితే కొలిమిలో పెట్టి కాలుస్తారు. ఆ వేడికి చెదిరినదంతా మళ్లీ కూడుకుని, మనిషి ఉద్యోగంలో చేరిననాటిలా అవుతాడు.

ఆయన భార్య పైడితల్లికి కావలసింది ఆ కొలిమే. పెళ్లయిన కొత్తలో ఆయన పులుసు బాగోలేకపోతే బాగోలేదనేవాడు, సినిమాకి వెళ్దామంటే ఏ సినిమా అని తగువు పెట్టుకునేవాడు. పదేళ్లుగా దేనికైనా అలాగే అంటున్నాడు. ఆ తగువులమారి మనిషి మీద ఆవిడకి బెంగ. మూడు ప్రతుల్లో అర్జీ రాసి, డిప్యూటీ డైరెక్టరు హైమవతి గారి ముందు నిలబడింది.

"మంచి గోమేధికంలోంచి సూత్తే అవతల గీత రెండుగా కనబడాలంట గదమ్మా. మా ఆయన ఎనకాల సీపురుపుల్ల పెట్టి సూసినాను. ఒకటే కనబడతంది. లోపల పాడైపోనాడు."

హైమవతి గారు ఆవిడకి కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, ఆమ్లం ఏం చెబితే అదే రాస్తామని నెమ్మదిగా చెప్పారు.

ఆ కార్యాలయానికి ఆమ్లం వచ్చి పంతొమ్మిదేళ్లయింది. కొత్తది కావాలని ప్రతి ఏప్రిల్లోనూ రాస్తూనే ఉన్నారు. తొట్టిలో మట్టం ఎర్రగీత కిందికి దిగకూడదని నిబంధన కనక, రోజూ పొద్దున్నే ఒక బిందెడు కుళాయినీళ్లు పోస్తారు. ఆ బిందె పోసే పని ఇన్నేళ్లూ శ్రద్ధగా చేసింది సన్యాసిరావే. అప్పట్నుంచీ అక్కడ ఏ రాయీ పరీక్ష తప్పలేదు.

శుక్రవారం ఆయన పది నుంచి అయిదు దాకా ఆ తొట్టిలో కూర్చున్నాడు. మడమల మట్టి తప్ప ఏమీ కరగలేదు. అంత తీరిగ్గా స్నానం చేసి ఎన్నాళ్లయిందో అనుకుని మురిసిపోయాడు కూడా.

"ఫలితం మీద అభ్యంతరాలేమైనా ఉన్నాయా, సన్యాసిరావు గారూ?" అని హైమవతి గారు ఆనవాయితీగా అడిగారు.

పైడితల్లి గుమ్మం దగ్గర నిలబడి ఆయన పెదాలకేసే చూస్తోంది. తొట్టిలో ఉన్నదేమిటో ఆ గదిలో ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు. చెబుదామనుకున్నాడు. లోపల ఎక్కడో చిన్నగా ఏదో పేలి ఆరిపోయింది.

"ఏమీ లేవండి," అన్నాడు. "మీ రుణం తీర్చుకోలేనండి."

గట్టి రాయిని కాల్చడం నిబంధనలకు విరుద్ధం కనక కొలిమి అర్జీని తిరస్కరించారు. ధ్రువపత్రం మాత్రం దళసరి కాగితం మీద, రెండు సంతకాలతో ఇచ్చారు. ఆయన దాన్ని దారంతా గుండెకి హత్తుకుని తెచ్చి, ముందుగదిలో గోడకి తగిలించాడు. పైడితల్లి ఆయన పీటని పొయ్యికి ఆనించి వేసి, మంట పెంచింది. ఆ వేడి చాలదని ఆవిడకి తెలుసు.

"లోపల ఎలాగుందండీ?" అని అడిగింది, పులుసు కలుపుతూ.

సన్యాసిరావు తల తిప్పి ముందుగదిలోకి చూశాడు.

"బాగుందనే రాసిచ్చారు గదే," అన్నాడు.