వెలలేని రక్షణ

ప్రజల స్వేచ్ఛను ఇంకా ప్రజల చేతుల్లోనే వదిలిపెట్టడం క్షేమం కాదని గ్రహించి, దాన్ని కాపాడే భారం ప్రభుత్వంవారు తామే నెత్తిన వేసుకున్నారు. అందుకోసం ఈ తమిళ మహానగరంలో, మా పురసవాక్కం పేటలో, ఒక పట్టుచీరల దుకాణం పైన, రెండో అంతస్తులో, స్వేచ్ఛా పరిరక్షణ కార్యాలయం తెరిచారు. పని వేళలు పదిన్నర నుంచి ఒంటిగంట దాకా. బాప్తిస్మం వగైరా పుచ్చుకోదలచినవారు, ఆ కోరిక తమ సొంతమేనని, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదని ఇక్కడ ధ్రువపత్రం తీసుకోవాలి. పత్రం లేకుండా స్వేచ్ఛగా ప్రవర్తించినవారికి మూడేళ్ల జైలు. విచారణకు ముప్పై రోజుల గడువు. కింది దుకాణంలో ఒక చీర ఎంచుకోవడానికే మాకు మూడు గంటలు పడుతుంది గనక, పై అంతస్తులో దేవుణ్ణి ఎంచుకోవడానికి ముప్పై రోజులు పెట్టడం సబబే.

మా అపార్టుమెంటులో ఎనిమిది ఇళ్లకు గిన్నెలు తోమే కన్నియమ్మకు ఈ పత్రం అవసరమైంది.

కన్నియమ్మ తాతలు నెల్లూరు వైపు నుంచి రైల్వే యార్డు పనికి వచ్చి వ్యాసర్పాడిలో గుడిసెలు వేసుకున్నారు. కాలవ ఒడ్డున ఉండటం ఆమె ఆరోగ్యానికి మంచిది కాదని మూడేళ్ల కిందట ప్రభుత్వంవారు కనిపెట్టి, గుడిసె కూలగొట్టి, ఊరి చివర షోళింగనల్లూరు అవతల ఎనిమిదో అంతస్తులో ఒక గది ఇచ్చారు. ఇప్పుడామె రెండు బస్సులు మారి మా వీధికి వస్తుంది. అదే వేళకు మా మూడో అంతస్తు రాగిణి షోళింగనల్లూరులోని ఆఫీసుకు ఏసీ క్యాబులో వెళుతుంది. ఇద్దరూ దారిలో ఎక్కడో ఒకచోట ఎదురుపడుతూనే ఉంటారు. నగరాభివృద్ధి అంటే అదే.

గుడిసె పోయినా, వ్యాసర్పాడి తెలుగు చర్చిలో వెనక చాప మీద తన చోటు మాత్రం కన్నియమ్మ వదులుకోలేదు. ఈస్టరు ఆదివారం నాడు బాప్తిస్మం తీసుకోవాలని ఆమె ఆశ. ఎందుకింత పట్టుదల అని అడిగాను.

"ఆ పొద్దు పాస్టరయ్య నా పేరు మైకులో చదువుతాడమ్మా," అంది గిన్నె తోముతూనే. "రేషన్ కొట్లో నంబరేసి పిలస్తారు. ఈడ మీరంతా 'పనామె వచ్చిందా' అంటారు. నా పేరు మైకులో ఇంతవరకూ ఎవురూ చదవలేదు."

నేను బి.ఏ. చదివినదాన్ని, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. కాబట్టి తమిళంలో అర్జీ నేనే రాశాను.

అర్జీ అందిన వారానికి, అధికారి ఏకాంబరంగారు చర్చిని తనిఖీ చేయడానికి వెళ్లారు. సాక్షిగా నేనూ వెళ్లాల్సి వచ్చింది. ఏకాంబరంగారు సజ్జనులు, తమిళులు. ఇదే పేటలో పుట్టారు గనక తెలుగు మాట్లాడతారు, చదవలేరు. గేటు మీద పెద్ద బోర్డు ఉంది. ప్యూను దాన్ని పైకి చదివాడు: "వెలలేని రక్షణ. నేడే పొందండి."

ఏకాంబరంగారు అక్కడే ఆగిపోయారు. ఆయనను తప్పుపట్టడానికి లేదు. సర్కారువారు ఊరికే పంచేవాటిని తమిళంలో 'విలైయిల్లా' అంటారు. విలైయిల్లా మిక్సీ, విలైయిల్లా గ్రైండరు, విలైయిల్లా ఫ్యాను వచ్చిన ఊళ్లో విలైయిల్లా రక్షణ రావడంలో వింత లేదు. తన ఆఫీసుకు చెప్పకుండా రావడమే వింత.

"స్టాకు ఎక్కడ పెట్టినారు సార్?" అని అడిగారు, లోపలికి అడుగుపెడుతూనే.

"స్టాకు కాదండీ, దేవుని కృప," అన్నారు మధుసూదన్ పాస్టరుగారు.

"సరి. యారికి ఇస్తారు?"

"అడిగినవాళ్లందరికీ."

"రేషన్ కార్డు?"

"అక్కర్లేదు."

"ఇన్‌కమ్ సర్టిఫికెట్టు?"

"అక్కర్లేదండీ."

"అప్పుడు అర్హత ఏమి సార్?"

"నాకు అర్హత లేదని ఒప్పుకోవడమే అర్హత."

ఏకాంబరంగారు బల్ల మీద కూలబడ్డారు. "ముప్పై వరుషం సర్వీసు సార్ నాది. ఇట్లాంటి స్కీము చూడలేదు. క్యూ లేదు, టోకెన్ లేదు. అదీ పోనీ, పైన ఎవరి ఫోటో కూడా లేదే!"

ఆ చివరి మాట ఆయనను నిజంగా కలవరపెట్టింది. తన ఫోటో అంటించకుండా వస్తువు పంచిపెట్టేవాణ్ణి ఏ అధికారి మాత్రం ఎలా నమ్మగలడు?

ఆయన తన ఇబ్బందిని ఓపికగా విడమరిచారు. ఊరికే ఇస్తే ఆశ పెట్టినట్టే. ఆశ పెడితే పుచ్చుకున్నవాడి స్వేచ్ఛ చెడినట్టే. స్వేచ్ఛ చెడితే కేసే. "అందుకని ఏదైనా ఒక వెల పెట్టండి సార్. నూరు రూపాయలైనా చాలు. అప్పుడు అది ఆశ కాదు, వ్యాపారం. వ్యాపారమైతే నేను కాపాడగలను."

"వెల ఒకాయన ముందే కట్టేశారండీ," అన్నారు పాస్టరుగారు.

"రసీదు?"

పాస్టరుగారు గోడ మీది సిలువ వైపు చూశారు. ఏకాంబరంగారు కూడా చూసి, 'రసీదు గోడకు తగిలించబడి ఉన్నది, మొత్తం ఎంతో కనబడలేదు' అని రాసుకున్నారు.

తరువాత సంఘ పెద్దల వాంగ్మూలాలు. రిటైర్డు గార్డు దైవసహాయంగారు, రిటైర్డు టీచరు ఆశీర్వాదంగారు ఒకే విషయం మీద నలభై ఏళ్లుగా, ప్రతి ఆదివారం టీ తాగుతూ పోట్లాడుకుంటున్నారు. రక్షణలో మనిషి ఇష్టానికి చోటుందా లేదా అన్నది ఆ విషయం. ఇంతవరకూ దానివల్ల టీ చల్లారడం తప్ప ఎవరికీ నష్టం జరగలేదు.

"మనం ఎన్నుకునేదేంది, మన మొగం! ఆయనే లాక్కున్నాడు," అన్నారు దైవసహాయంగారు.

"తలుపు కొట్టేది ఆయనే. గడియ తీసేది మాత్రం మనమే, సారూ," అన్నారు ఆశీర్వాదంగారు.

ఏకాంబరంగారు రెండూ నమోదు చేశారు. లాగబడినట్టు స్వయంగా ఒప్పుకున్నందున, దైవసహాయంగారి నలభై ఏళ్ల నాటి బాప్తిస్మం బలవంతపు కేసుగా తిరగదోడబడింది. లాక్కున్న వ్యక్తి మీద ఫిర్యాదు చేస్తారా అని అడిగితే, ఆలోచించి చెబుతానన్నారు. ఆశీర్వాదంగారికి మరో చిక్కు. గడియ తీసేముందు తట్టినవాడి గుర్తింపు కార్డు చూశారా లేదా అని.

మరుసటి వారం కార్యాలయంలో కన్నియమ్మ విచారణ. ఫారంలో ఏడో గడి ఇలా ఉంది: 'ఈ నిర్ణయానికి మీరు స్వయంగా వచ్చారా? మిమ్మల్ని ఎవరైనా, ఏదైనా ప్రేరేపించినదా?'

"నువ్వుగా వచ్చావు అని చెప్పమ్మా, సరియా?" అన్నారు ఏకాంబరంగారు, పరీక్షలో పిల్లలకు జవాబు అందించే మేష్టరులాగా.

"నేనుగా యాడ వచ్చినా సామీ. ఆయన పిలిచినాడు."

"ఎవరు?"

"ఆయనే."

ఏకాంబరంగారు నిట్టూర్చి, నిబంధనల ప్రకారం పిలిచినవాడికి నోటీసు తయారుచేశారు. ప్రతివాది చిరునామాలో దొరకనందున నోటీసును చర్చి తలుపుకు అంటించారు. పదిహేను రోజుల్లో హాజరు కావాలి. ఆయన తప్పక తిరిగి వస్తారని, తేదీ మాత్రం ఎవరికీ తెలియదని పాస్టరుగారు జవాబిచ్చారు. 'ప్రతివాది రాకకై వేచి చూడబడుచున్నది' అని ఫైలు మీద రాసి పక్కన పెట్టారు. రెండు వేల ఏళ్లుగా నడుస్తున్న వ్యవహారాన్ని మన కార్యాలయం ఒక్క వాక్యంలో తేల్చిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఈలోగా, ఆక్షేపణలు ఉంటే తెలపాలంటూ మా లిఫ్టు పక్కన మరో నోటీసు వెలిసింది. ఆ సాయంత్రమే మా అసోసియేషన్ సమావేశమైంది. కన్నియమ్మ స్వేచ్ఛ గురించి మా ఎనిమిది ఇళ్లలో ఇంత ఆవేదన గూడుకట్టుకుని ఉందని నాకు అంతవరకూ తెలియదు.

"పాపం, చదువు లేని మనిషండీ. ఎవరో మాయమాటలు చెప్పుంటారు," అంది రాగిణి. ఆమెది గుంటూరు, మనసు మెత్తన.

"అదే గదా నేను చెప్పేది," అంది మొదటి అంతస్తు హేమమాలిని. వాళ్లది నాలుగు తరాలుగా ఈ పేటలో ఇత్తడి సామాన్ల వ్యాపారం. "దాని మనసుకు దెబ్బ తగలకూడదు, అంతే. అదుండనీ, బాప్తిస్మం అయినాక ఆదివారాలు వస్తుందా, రాదా?"

అందరూ భక్తిపూర్వకంగా తలలు వంచారు. అందరి సింకులూ అందరి కళ్ల ముందూ మెదిలాయి.

కన్నియమ్మ స్వేచ్ఛను ఆమె నుంచే కాపాడవలసిందిగా ఆక్షేపణ పత్రం పంపాలని ఏకగ్రీవంగా తీర్మానమైంది. "వాసంతీ, నీ అక్షరాలు బాగుంటాయి గదా, నువ్వే రాయి," అంది హేమమాలిని. రాశాను. ఆ ఫైల్లో అర్జీ, ఆక్షేపణ ఒకే చేతిరాతలో ఉన్న సంగతిని ఎవరూ గమనించలేదు. అంటే ఎవరూ చదవలేదన్నమాట.

ఈస్టరుకు నాలుగు రోజుల ముందు ఆఖరి విచారణ. అసలు ఈ మనిషికి ఇచ్ఛ అనేది ఉందా అన్నది తేలాలి. గతంలో ఎప్పుడైనా సొంత ఇష్టంతో ఒక పని చేసినట్టు రుజువు కావాలి.

"పెళ్లి?" అన్నారు ఏకాంబరంగారు.

"అది మా నాయన చేసినాడు సామీ. పద్నాలుగేండ్లు నాకు."

"పని?"

"కడుపు చేయిస్తా ఉండాది."

"పోనీ, ఓటు?"

"వీధిలో వాళ్లు చెప్పిన గుర్తుకే ఏసినా."

ఏకాంబరంగారు ఫైళ్లు తిరగేసి తిరగేసి, ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచారు. ఇళ్ల తరలింపు కాగితం దొరికింది! 'నా గుడిసెను ఇష్టపూర్వకముగా ఖాళీ చేయుచున్నాను' అని, కింద కన్నియమ్మ వేలిముద్ర. ఆయన ముఖంలో నిజమైన సంతోషం కనబడింది.

"ఇదే చాలు తల్లీ! గవర్మెంటు రికార్డు. ఇష్టం ఉంది అని అచ్చులో ఉంది. సంతకం పెట్టేస్తాను."

కన్నియమ్మ ఆ ముద్రను చాలాసేపు చూసింది. "ఏలు నాదే సామీ," అంది. "పట్టుకోని ఒత్తిన చెయ్యి నాది గాదు."

ఏకాంబరంగారి కలం ఆగిపోయింది. ఆ మాట రాస్తే సర్కారు కాగితం అబద్ధమౌతుంది. రాయకపోతే విచారణ అబద్ధమౌతుంది. "వద్దమ్మా, అట్ల చెప్పొద్దు. అవును అను. ఒక్క మాట. ఆదివారం నీ పని జరిగిపోతుంది," అని బతిమాలారు. నేనూ ఆమె మోచేతిని పొడిచాను.

"అబద్ధాలు కడుక్కునేదానికి గదా సామీ మునిగేది," అంది కన్నియమ్మ. "అబద్ధం చెప్పి ఎట్ల మునిగేది?"

ఇంటికి వచ్చేదారిలో ఆమె చీర కొంగును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

మర్నాడు తమిళంలో ఉత్తర్వు వచ్చింది: 'అర్జీదారుకు సొంత ఇచ్ఛ అనునది ఏదియు లేనట్లు సమగ్ర విచారణలో రుజువైనందున, స్వేచ్ఛా ధ్రువపత్రము నిరాకరించడమైనది.'

ప్రభుత్వ భాషను చీరను చూసినట్టు చూడాలని మా అమ్మ అనేది. పై అంచు బాగుందని మురిసిపోకుండా తిరగేసి చూడాలట. తిరగేశాను. వెనక చిన్న అక్షరాల్లో మూడో నిబంధన ఉంది: 'ఇచ్ఛ గల ప్రతి వ్యక్తియు ధ్రువపత్రము పొందవలెను.' ఆ కాగితం పట్టుకుని రెండంతస్తులూ ఎక్కి వెళ్లాను.

"ఇచ్ఛ గలవాళ్లకే కదండీ పత్రం కావలసింది? లేదని మీరే రాసిచ్చారుగా?"

ఏకాంబరంగారు ఉత్తర్వును చదివారు, నిబంధనను చదివారు, ప్యూనును టీకి పంపారు. తరువాత, ఆ ఏడాది మొదటిసారి అనుకుంటాను, నవ్వారు. "కరెక్టు దాన్ అమ్మా. ఇచ్ఛ లేనివాళ్లు మా డిపార్టుమెంటు కిందికి రారు."

ఆ విధంగా, ప్రభుత్వ ధ్రువీకరణతో, ఏ ఇచ్ఛా లేకుండా, కేవలం కృప వల్లనే కన్నియమ్మకు దారి దొరికింది. దైవసహాయంగారు తన వాదం నెగ్గిందని చర్చిలో అందరికీ మిఠాయి పంచారు. ఉత్తర్వును తిరగేసి చూసింది ఒక మనిషేనని ఆశీర్వాదంగారు గుర్తుచేసి, రెండు ముక్కలు తిన్నారు.

ఈస్టరు పొద్దున నీళ్ల లారీ వచ్చి తొట్టి నింపి వెళ్లింది. పాస్టరుగారు మైకు పట్టుకుని "కన్నియమ్మ" అన్నారు. మైకు కీచుమంది. ఆమె కదల్లేదు. "సరిగ్గా వినపళ్లా అయ్యగారూ, ఇంకోతూరి చెప్పండి," అంది. వినబడిందని అక్కడ అందరికీ తెలుసు. ఆయన మళ్లీ చదివారు.

ఆ రోజు మా ఎనిమిది ఇళ్లలో మేమే గిన్నెలు తోముకున్నాం. మా సమ్మతి ఎవరూ అడగలేదు.

సోమవారం కన్నియమ్మ మామూలు వేళకే వచ్చింది. చీపురు అందుకుంటూ, "ఇంక ఆదివారాలు రానమ్మా," అంది. రావచ్చా, మానవచ్చా అని అడగలేదు. చెప్పింది.

"ఎవరు చెప్పినారే నీకు? ఆ పాస్టరా?" అంది మెట్ల మీద నుంచి హేమమాలిని.

"ఎవురూ చెప్పలేదమ్మా."

"మరి ఆయన పిలిచినాడా మళ్లీ?"

"లేదమ్మా," అంది కన్నియమ్మ. "ఇది నేనే."

ఆ సాయంత్రమే అసోసియేషన్ అత్యవసరంగా సమావేశమైంది. కన్నియమ్మకు ఇచ్ఛ ఉన్నట్టు ఇప్పుడు తిరుగులేని రుజువు దొరికిందని, ఇచ్ఛ ఉండి కూడా లేనట్టు నటించి ఆమె ప్రభుత్వాన్ని మోసగించిందని, తగిన చర్య తీసుకోవాలని ఫిర్యాదు పంపడానికి తీర్మానించారు. రాసే పని మళ్లీ నాదే. అక్షరాలు బాగుంటాయి కదా.

ఫారం తెచ్చాను. ఫిర్యాదుదారుకు కూడా అదే ఫారం. ఆరు గడులు గుండ్రంగా నింపాను. ఏడో గడి దగ్గర కలం ఆగింది: 'ఈ నిర్ణయానికి మీరు స్వయంగా వచ్చారా? మిమ్మల్ని ఎవరైనా, ఏదైనా ప్రేరేపించినదా?'

ఎనిమిది ఇళ్లకూ తీసుకెళ్లి చూపించాను. అందరూ చదివారు, అందరూ ఒకసారి వంటింటి వైపు చూశారు, అందరూ ఆలోచించి చెబుతామన్నారు. ఫారం ఇంకా నా దగ్గరే ఉంది. మీలో ఎవరైనా ఆ గడి నింపగలిగితే కబురు చేయండి. ఆదివారం మాత్రం వద్దు, చేతులు తడిగా ఉంటాయి.