కూర్మయ్య గారి అవిభాజ్య సంఖ్య

ఒక పెద్ద అడవిలో, పెద్దదని ఆ అడవి సంఘం వాళ్ళే చెప్పుకునేవారు లెండి, కూర్మయ్య అనే తాబేలు సంఖ్యాధికారిగా పనిచేసేవాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఏ సంఖ్య ఇచ్చినా అది సమానంగా పంచడానికి వీలవుతుందో లేదో తేల్చి ధ్రువపత్రం ఇవ్వడం అతని పని. ఆలస్యమెందుకని ఎవరైనా అడిగితే, "నేను తాబేలుని, పైగా ఉద్యోగిని. రెండింతలు ఓపిక పట్టండి" అనేవాడు.

ఆ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఎండాకాలం గడవాలంటే గోదాములో దాచిన ఎండు రేగుపళ్ళే దిక్కు. చీమలు లెక్కపెట్టి 9,99,991 అని తేల్చాయి. సంఘానికో నియమం ఉంది. సమానంగా పంచగలిగితే సరుకు జాతులన్నిటికీ పంచాలి, పంచలేకపోతే మొత్తం అధ్యక్షుడి దగ్గరే ఉండాలి. అధ్యక్షుడు నక్క.

"కూర్మయ్య గారూ, దీన్నెవరూ భాగించలేరని ఒక్క కాగితం రాసివ్వండి," అన్నాడు నక్క.

"చూడకుండా రాయలేను సార్. నా పద్ధతి నాకుంది."

పద్ధతి ప్రకారం రెండుతో మొదలుపెట్టాడు. ఒకటి మిగిలింది. మూడు, ఐదు, ఏడు, పదకొండు, దేనితో భాగించినా ఎంతో కొంత మిగులుతూనే ఉంది. పదమూడు అయ్యేసరికి వారం గడిచింది, మెడ పట్టేసింది. ఇన్నిటికి లొంగనిది ఇంక దేనికి లొంగుతుందిలే అనుకుని 'అవిభాజ్యం' అని రాసి ముద్ర కొట్టాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. తన పిల్లలు కూడా ఆ రేగుపళ్ళ మీదే బతకాలన్న సంగతి ఇంటికెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

మర్నాడు సభలో నక్క ఆ కాగితం చదివి వినిపించాడు. ఏదుపంది కొండమ్మ లేచింది. ఆమెకు చదువు రాదు.

"అవిబాజ్జెం అంటే ఏంటి బాబూ?"

"ఎంతమందికి పంచినా సమానంగా రాదని," అన్నాడు కూర్మయ్య గంభీరంగా.

"మేం పంచుకుని చూస్తాం. ఒక్క పండు తేడా వచ్చినా మొత్తం నువ్వే ఉంచుకో," అంది ఆమె నక్కతో.

చేతిలో కాగితం ఉంది కదా అని నక్క సరేనన్నాడు.

జాతికో కుప్ప పెట్టి, కుప్పకో పండు చొప్పున వేసుకుంటూ పోయారు. పన్నెండో రోజున ఆఖరి పండు ఆఖరి కుప్పలో పడింది. గోదాము ఊడ్చినా ఇంకోటి దొరకలేదు.

"కుప్పలెన్ని?" అని నీరసంగా అడిగాడు కూర్మయ్య.

"పదిహేడు. అడవిలో పదిహేడు జాతులున్నాయని నీకు తెలీదా బాబూ?"

పదమూడు తర్వాత అతను చూడాల్సింది పదిహేడే. కూర్మయ్య సిగ్గుతో తల లోపలికి లాక్కున్నాడు. ఈ సౌకర్యం వేరే అధికారులెవరికీ లేదని అంత సిగ్గులోనూ కాస్త గర్వపడ్డాడు.

కొండమ్మ ఆఖరి కుప్పని అతని ముందుకు తోసింది. "ఇది తాబేళ్ళ వాటా. పిల్లలకి పెట్టుకో."

లోపలున్న కూర్మయ్యకి ఏడుపొచ్చింది.

నీతి: ఎంత పెద్ద లెక్కయినా పద్ధతిగా వెయ్యండి, ఎంతమందికి పంచాలో మాత్రం అడక్కండి; అడిగితే అధికారితో పని ఉండదు.