మంత్రిగారి మీటరు కదలలేదు

"ఇకమీదట నా ఇంటి కరెంటు మీటరు కదలదు. కదిలిందా, నేనే కదులుతాను, పదవిలోంచి!" అని విద్యుత్ శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు.

నా ఒళ్లు పులకరించింది. మంత్రిగారిది మా పక్కిల్లు. ఇంతటి త్యాగం గోడకవతలే జరుగుతుంటే ఎవరికి మాత్రం గర్వంగా ఉండదు?

ఆ సాయంత్రమే కొందరు మనుషులు మంత్రిగారి ఫ్రిజ్జును మా ఇంట్లోకి మోసుకొచ్చారు. వెనకాలే పి.ఏ. వచ్చాడు.

"మంత్రిగారు ఫ్రిజ్జును త్యజించారండీ."

"మహానుభావులు. మరి ఇక్కడికెందుకు?"

"త్యజించారు గానీ, లోపల పాలున్నాయండీ. విరిగిపోవూ?"

పాలు విరగడం నాకూ ఇష్టం లేదు. ప్లగ్గు పెట్టాను.

మర్నాడు వాషింగ్ మెషీను వచ్చింది. ఆ వెనక గీజరు, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, ఏసీ. ఏసీ వెంట మంత్రిగారి అత్తగారు కూడా వచ్చేశారు. ఆవిడకు ఉక్కపోత పడదట. ముందుగది ఆవిడకిచ్చి మేం వంటింట్లో సర్దుకున్నాం.

"చెల్లీ, ఆ బట్టలు కాస్త నువ్వే ఆరేద్దూ!" అని మంత్రిగారి భార్య గోడమీంచి కేకేసేవారు. మా ఆవిడ ఆరేసేది. ఆరేస్తూ, "కనీసం ఆ ఏసీ అయినా తగ్గించమనండి. బిల్లు కట్టేది మనమే" అని నామీద విరుచుకుపడేది.

వెళ్లి అడిగాను.

"తగ్గించు నాయనా, తగ్గించు. పద్దెనిమిదిలో చల్లదనమే తెలియట్లేదు" అన్నారు అత్తగారు, దుప్పటి కప్పుకుంటూ.

నెలాఖరుకి పత్రికలవాళ్లను వెంటేసుకుని ఇంజనీరుగారు తనిఖీకి వచ్చారు. మంత్రిగారి మీటరు నిజంగానే కదలలేదు. చీకటి గదిలో విసనకర్రతో విసురుకుంటున్న ఆయన్ని చూసి ఒక విలేకరి కళ్లొత్తుకున్నాడు. నాకూ దుఃఖం ఆగలేదు. అప్పుడే మా ఇంట్లో వేణ్నీళ్ల స్నానం చేసి వెళ్లారేమో, మంత్రిగారి ముఖం కళకళలాడిపోతోంది.

ఇంజనీరుగారు అలాగే మా ఇంటికి వచ్చి, మీటరు తిరిగే వేగం చూసి వెనక్కి గెంతారు.

"బుద్ధుందా నీకు? ఒక్క కొంపలో రెండు ఫ్రిజ్జులా?"

"ఒకటి మంత్రిగారిదండీ."

"ఆయనకు ఫ్రిజ్జు లేదు. ఇప్పుడే చూసొచ్చాం."

"అదిగో, పడుకున్నావిడ ఆయన అత్తగారండీ."

ఇంజనీరుగారు నోటిమీద వేలేసుకున్నారు. చెప్పులు చేత పట్టుకుని బయటికి నడిచారు. ఆవిడ నిద్ర లేచేదాకా వీధిలో ఓపిగ్గా నిలబడి, అప్పుడు మా కనెక్షను పీకించారు.

మర్నాడు పేపర్లో పక్కపక్కనే రెండు ఫొటోలు. మొదటిదాని కింద 'త్యాగమూర్తి'. రెండోదాని కింద 'దుబారా మనిషి'. రెండోదాంట్లో నేను బాగానే పడ్డాను.

కరెంటు లేని ఇంట్లో అత్తగారు ఒక్క పూట కూడా ఉండలేకపోయారు. సామానుతో సహా ఎదురింటి టైలరు ఇంటికి తరలిపోయారు.

అలాంటి మనిషి ఒక్క శాఖతో సరిపెట్టుకోవడం అన్యాయమని పైవాళ్లకు తోచింది కాబోలు, మంత్రిగారికి కుటుంబ నియంత్రణ శాఖ కూడా అప్పగించారు.

"ఇక మనకు భయం లేదు. ఆ శాఖలో ప్లగ్గులుండవు" అన్నాను. మా ఆవిడ చాలా రోజులకు నవ్వింది.

వీధి చివర సభ మొదలైంది. "ఇంటికి ఒక్క బిడ్డే! ఆచరించి చూపిస్తాను!" అని మంత్రిగారు మైకులో గర్జిస్తుండగా మా తలుపు చప్పుడైంది.

తీశాను. పెద్దకొడుకు తప్ప మంత్రిగారి మిగతా పిల్లలు ముగ్గురూ దిండ్లు చంకన పెట్టుకుని నిలబడ్డారు.

"మిమ్మల్ని నాన్నగారూ అని పిలవమన్నారండీ, మా నాన్నగారు" అంది అందరికన్నా చిన్నది.