ఊలుపూల దండ

ఆ ఉదయం కుముదిని పెట్టుకున్న పని ఒక్కటే. గున్నమ్మ ఇంట్లో సాయంత్రం జరిగే సత్యనారాయణ వ్రతానికి ఊలుపూల దండ పూర్తిచేసి పంపెయ్యాలి. తెల్లటి రేకులు, మధ్యలో పసుపుచుక్క. ఒక్కో పువ్వూ రూపాయిబిళ్ల కంటే కాస్త పెద్దది. వర్షాకాలం మొదలైనప్పట్నించీ క్రోషియా సూదితో అల్లుతూనే ఉంది. ఆఖరికొచ్చేసరికి రెండు పువ్వులకి పసుపు ఊలు చాల్లేదు.

ఆవిడ అల్లిక మొదలుపెట్టిందే ఇంట్లో నిశ్శబ్దం భరించలేక. భర్త గురునాథరావు స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఫోర్‌మన్‌గా రిటైరైన నాటినుంచి సెక్టర్ ఏడు క్వార్టర్‌లో కిటికీ పక్క కుర్చీకి అతుక్కుపోయాడు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ అన్నం తిననివ్వని ఫోను ఇప్పుడు బల్లమీద బొమ్మలా పడి ఉంటోంది. అతను రోజుకి పదిమాటలు మాట్లాడితే అందులో తొమ్మిది విసుక్కోవడానికే.

"సుపేలా బజారుకెళ్లి కాస్త పసుపు ఊలు తెచ్చిపెడతారా?" అందావిడ, ముక్కు తుడుచుకుంటూ. జలుబుతో గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఈ వానలోనా? ఈ పువ్వులు వాసనొస్తాయా, తలలోకి పనికొస్తాయా? ఏటే నీ గోల?"

"దేవుడి పటానికండీ."

"దొరక్కపోతే?"

"మీ ఇష్టం."

గొణుక్కుంటూ గొడుగు తీసుకుని వెళ్లాడు. ఎవరూ చెయ్యని ఫోను మొయ్యడం దేనికని దాన్ని ఇంట్లోనే వదిలేశాడు.

అతను వెళ్లిన కాసేపటికి కుముదినికి పాత స్వెట్టర్ ఒకటి గుర్తొచ్చింది. దాని అంచు విప్పితే కావలసినంత పసుపు ఊలు దొరికింది. దండ పూర్తయింది. ఇక పొడవు సరిచూడాలి. గున్నమ్మ ఇంట్లో స్వామివారి పటం, ఈ ఇంట్లో గురునాథరావు రిటైర్మెంట్ ఫోటో ఒకే దుకాణంలో ఒకే కొలతకి కట్టించినవి. కుముదిని స్టూలెక్కి దండని భర్త ఫోటోకి వేసింది. అచ్చంగా సరిపోయింది. ముచ్చటపడి ఫోనులో బొమ్మ తీసి గున్నమ్మకి పంపింది. టైపు చెయ్యడానికి కళ్లు మంటలెత్తుతున్నాయి, అందుకని మాట రికార్డు చేసి పంపింది.

"గున్నమ్మక్కా, ఇప్పుడే అయిపోయిందక్కా. రాత్రంతా కూర్చునే ఉన్నాను, కంటిమీద కునుకు లేదు. ఇంక నా వల్ల కాదు. మనుషుల్ని పంపించు, పట్టుకెళ్లిపోతారు."

చివర్లో దగ్గొచ్చింది. వినేవాళ్లకది ఏడుపులా ఉంది. కుముదిని ఫోను ఛార్జింగ్‌కి పెట్టి, దండ చిక్కుపడకుండా ఫోటోకే ఉంచేసి, నడుం వాల్చగానే నిద్రపట్టేసింది.

రెండు వీధుల అవతల గున్నమ్మ వ్రతానికి రవ్వ వేయిస్తోంది. బొమ్మ చూసింది, మాట విన్నది, స్టవ్ కట్టేసి గోడకి చేరగిలబడింది. కాస్త తేరుకున్నాక తెలుగు సంఘం కార్యదర్శి పరబ్రహ్మంగారికి ఫోను చేసింది.

"బావూ, మన గురునాథరావుగోరు ఎలిపోనారు! ఫోటోకి దండ కూడా ఏసీసినాది పాపం."

సెక్టర్ నాలుగులో ఉండే పరబ్రహ్మంగారు పెళ్లిళ్లకి భోజనాలవేళకి వచ్చే మనిషే గాని, చావుకి మాత్రం అందరికంటే ముందుండేవారు. అయినా తొందరపడకూడదని గురునాథరావు నంబరుకి చేసి చూశారు. మోగి మోగి ఆగిపోయింది. పోయినవాడు ఫోనెలా ఎత్తుతాడని ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. సంఘం గ్రూపులో దండ ఫోటో పెట్టారు. శవాన్ని తీసుకెళ్లే ముక్తిధామ్ బండికి కబురు చేశారు. గులాబీల చక్రం తెప్పించారు. పాత షిఫ్టువాళ్లంతా గొడుగులేసుకుని బయల్దేరారు.

తలుపు చప్పుడుకి కుముదిని లేచి వచ్చేసరికి గున్నమ్మ మీదపడి కౌగిలించుకుంది.

"ఓలమ్మ చెల్లీ! ఎంత పని జరిగిపోనాదే!"

గున్నమ్మ అత్తగారు మంచంపట్టి ఏళ్లయింది. ఆవిడే పోయిందనుకుంది కుముదిని.

"అయ్యో! మరి పూజక్కా?"

"ఇంకేటి పూజే తల్లీ!"

కుముదినికి అప్పటికే కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది. ఇప్పుడు నిజంగానే ఏడుపొచ్చింది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. "ఊరుకో అక్కా, ఎవరి చేతిలో ఉంది? ఇన్నాళ్లూ పడ్డ బాధ తీరిందనుకో," అంది కుముదిని వీపు నిమురుతూ. గుమ్మంలో నిలబడ్డవాళ్లు ఆవిడ గుండెనిబ్బరానికి తలలు ఊపారు.

పరబ్రహ్మంగారు ముందుకొచ్చి గొంతు తగ్గించి అడిగారు. "చెల్లెమ్మా, గురునాథం ఎక్కడ?"

"సుపేలా వెళ్లారన్నయ్యగారూ."

అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లారని ఆయనకి అర్థమైంది. "ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరూ లేరు. ఒక్కరే, ఆటోలో."

పరబ్రహ్మంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ముప్పైయేళ్లకి పైగా ప్లాంటుకి చాకిరీ చేసిన మనిషి చివరికి ఆటోలో, ఒక్కడూ! "పోయేముందు ఏమైనా అన్నాడా అమ్మా?"

"దొరక్కపోతే ఏం చెయ్యాలన్నారు."

"ఏమిటి దొరక్కపోతే?"

"పసుపు."

చివరి ఘడియల్లో మతి స్థిమితం తప్పిందని ఆయన పక్కవాడితో మెల్లగా చెప్పారు. "మనవాళ్లంతా వచ్చేస్తున్నారు చెల్లెమ్మా. బండి కూడా చెప్పేశాను. నువ్వేం కంగారుపడకు."

"మంచిపని చేశారు," అంది కుముదిని. గున్నమ్మ ఇంటికి ఇంతమంది సాయం వస్తున్నందుకు ఆవిడ మనసు నిండింది.

సరిగ్గా అప్పుడే గురునాథరావు వీధి మలుపులో ఆటో దిగాడు. తన గేటుముందు గొడుగుల గుంపు, చేతులు కట్టుకున్న మనుషులు, గేటువైపు రివర్సులో వస్తున్న ముక్తిధామ్ అద్దాల బండి. అతను అక్కడే ఆగిపోయాడు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో ఒకడు తనే.

చేతిలోంచి ఊలుండ బురదలో పడి దొర్లింది. గొడుగు ఎక్కడ వదిలేశాడో తెలీదు. మోకాళ్లనొప్పి మనిషి పరుగెత్తాడు. జనమంతా ఇంటివైపు తిరిగి ఉన్నారు గనక ఎవరూ మొహం చూడలేదు. ఒకాయన మాత్రం దారివ్వకుండా, తిరిగి చూడకుండానే అడిగాడు.

"తోసుకోకండి బాబూ. తమరేమవుతారు?"

"మొగుణ్ణి!" అని అరిచాడు గురునాథరావు.

గుంపు రెండుగా చీలింది. గులాబీల చక్రం పట్టుకున్నవాడు దాన్ని కిందికి వదిలేశాడు. గురునాథరావు తడిబట్టలతో, బురదకాళ్లతో హాల్లోకి దూసుకొచ్చాడు.

"కుముదినీ! పొద్దున్నే నిన్ను కసిరానే! ఒక్కరోజైనా నీ పువ్వు చేత్తో పట్టుకుని చూడలేదే!"

అంటూ ఎదురుగా నిలబడ్డ భార్యని చూశాడు. మరుక్షణం అంతమందిలోనూ ఆవిడ రెండు చేతులూ పట్టేసుకుని చిన్నపిల్లాడిలా వెక్కాడు. పెళ్లిపీటలమీద తప్ప నలుగురిలో అతను ఆ చేతులు పట్టుకోలేదు.

గున్నమ్మ అతన్ని చూసి, గోడమీద ఫోటోని చూసి, చాపమీద కూలబడింది.

"అక్కా, మీ అత్తగారు పోలేదా?" అంది కుముదిని అయోమయంగా.

"మా అత్తకేటి? పొద్దున రెండు ఇడ్డెన్లు తినీసినాది! పోయినాది మరిదిగోరు కాదేటే?"

చిక్కు విడిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఎవరో నవ్వబోయి దగ్గారు. పరబ్రహ్మంగారికి మాత్రం కోపమొచ్చింది.

"ఒక్క మాట ఫోనెత్తి చెప్పకూడదుటయ్యా గురునాథం?"

"ఏమని?"

"బతికున్నానని!"

గురునాథరావుకి అప్పుడుగానీ గుమ్మంవైపు చూపు తిరగలేదు. ఫర్నేస్‌లో పక్కన నిలబడి పనిచేసినవాళ్లు, రిటైరయ్యాక మొహం చూపించనివాళ్లు, అందరూ వచ్చారు. అతని మొహంలో చాలా నెలల తర్వాత కాస్త వెలుగొచ్చింది. "రండి, కూర్చోండి. కుముదినీ, టీ పెట్టు," అన్నాడు.

ఎవరూ కూర్చోలేదు. ఒకరికి రెండో షిఫ్టుంది. ఒకరికి బ్యాంకు పని. దహనానికి సెలవు దొరికిన ఒకాయన ఇప్పుడేం చెప్పాలో తెలీక గొణుక్కుంటూ వెళ్లాడు. గున్నమ్మ దండవైపు చూసి, "ఏటనుకోకు చెల్లీ, దేవుడికింకది పనికిరాదు," అని తలదించుకుని పోయింది. టీ మరిగేసరికి హాల్లో బురద అడుగులే మిగిలాయి.

"పోతే అంతమంది వచ్చారు. ఉన్నానంటే ఒక్కడాగలేదు," అన్నాడు గురునాథరావు.

కుముదిని స్టూలెక్కి దండ తీసి అతని ఒళ్లో పెట్టింది. అతను ఒక పువ్వుని మొరటువేళ్లతో తిప్పి తిప్పి చూశాడు.

"ఇదొక్కటి అల్లడానికి ఎంతసేపు పడుతుందే?"

ఆవిడ పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. అతను విన్నాడు. టీ చల్లారిపోయింది.

బయట బండి డ్రైవరు కదలనంటున్నాడు. "ఖాలీ గాడీ నహీ లే జాతా సాబ్, కోయీ తో బైఠో!" ఎవరో ఒకరు ఎక్కితేగాని పోనన్నాడు. వాన ఎక్కువైంది, ఆటో ఒక్కటీ కనబడలేదు. పరబ్రహ్మంగారు అటూ ఇటూ చూసి, బండి వెనక ఎక్కి, అద్దం పక్కన కూర్చున్నారు. సెక్టర్ నాలుగు దాకా దారిపొడుగునా జనం ఆగి చేతులు జోడిస్తుంటే, మర్యాద తెలిసిన మనిషి గనక, ఆయన లోపల్నుంచి ఒక్కొక్కరికీ తిరిగి నమస్కారం పెడుతూ వెళ్లారు.