గంగులక్క దూరిన ఇల్లు

బద్వేలుకు కాస్త ఎడంగా ఉన్న నూలుపేట పురప్రజలకు తెలియజేయడమేమనగా, ఈ ఏడు కూడా కన్నాల గంగులక్క గారి స్మారకోత్సవం యథావిధిగా జరుగును. పెద్దిళ్ళవారికి తొలి తాంబూలం. తక్కినవారు వరుసలో నిలబడవలెను.

నవాబుల కాలంలో గంగులక్క ఇళ్ళకు కన్నాలు వేసి బతికింది. కలిగినవాళ్ళ గోడ తప్ప తవ్వేది కాదని ప్రతీతి. కనుక ఆమె దోచిన ఇల్లే పెద్దిల్లని పేటలో ఖాయమైంది. రుజువు కావాలంటే వెనుక గోడలో కన్నం చూపిస్తారు. దానికి ఇత్తడి చట్రం బిగించి శుక్రవారం శుక్రవారం పసుపు కుంకుమలు పెడతారు. అదే శతాబ్దంలో లండన్‌లోనూ పేరుమోసిన దొంగావిడ ఒకామె ఉండేదనీ, ఆమెను ఉరితీసి ఆమె కథలు అచ్చేసి అమ్ముకున్నారనీ ఉత్సవ సంఘం అధ్యక్షుడు వీరభద్ర ఏటా ప్రసంగంలో చెబుతాడు. పాపం, దొరలకు కన్నాలకు బొట్టు పెట్టే సంస్కారం అబ్బలేదు.

జవుళి వ్యాపారి నాగసుబ్బయ్యకు మేడ ఉంది, కారు ఉంది, మేడ వెనుక తాతలనాటి మట్టిగోడల ఇల్లూ ఉంది. కన్నం ఒక్కటే లేదు. ఏటా పట్టుపంచె కట్టుకుని వెళ్ళి, తన అంగట్లో తువ్వాలకు గీచిగీచి బేరమాడే వాళ్ళ వెనుక నిలబడి, మిగిలిన వక్కలు తెచ్చుకోవడం ఆయనకు ప్రాణసంకటంగా ఉండేది.

"మనింటికి దొంగ గూడా రాలేదని అందరూ నవ్వుతాండారు. తల యాడ పెట్టుకోవాల్నో తెలీడం లేదు," అని భార్య రాజ్యలక్ష్మమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది.

ఉత్సవం రేపనగా ఆయన మేస్త్రీ శివన్నను పిలిపించాడు. పాత ఇంటి వెనుక గోడకు శివన్న శ్రద్ధగా కన్నం వేశాడు. అంచులు రాలకుండా సిమెంటు మెత్తి, పైన పేడా బూడిదా పూసి, మధ్యాహ్నం పనికి నవాబుల నాటి వయసు తెచ్చాడు. పాత బీరువా జరిపితే బయటపడిందని నాగసుబ్బయ్య ప్రకటించాడు. సాయంత్రానికి సంఘం వచ్చింది, కన్నంలో తల దూర్చి చూసింది, కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నాళ్ళూ మీ వంశాన్ని గంగులక్క చిన్నచూపు చూసిందని పొరబడినాము. క్షంతవ్యులము," అని వీరభద్ర సెలవిచ్చాడు.

మరునాడు నాగసుబ్బయ్య తాంబూలానికి చెయ్యి చాచిన క్షణాన, ఎస్సై వేణుగోపాల్ ఒక ఆడమనిషినీ ఒక మూటనూ వెంటబెట్టుకుని పందిట్లోకి వచ్చాడు. ఆమె పేరు శివలీల. పొద్దున బస్టాండులో దొరికిందట. మూట విప్పితే వెండి చెంబులు, వాటి కింద రాజ్యలక్ష్మమ్మ పెళ్ళి పట్టుచీర. చీరకు సిమెంటు అంటుకుని ఉంది.

"నాగసుబ్బయ్యన్న పాతింటి కన్నంలోంచే దూరితి సార్. సిమెంటు శానా పచ్చిగుండాది. నా కోక గూడా పాడైపాయ," అని శివలీల ఉన్నదున్నట్టు చెప్పింది.

పందిరి మొత్తం నాగసుబ్బయ్య వైపు తిరిగింది. సొత్తు తనదంటే సిమెంటూ తనదే. సిమెంటు తనదైతే తాంబూలం తనది కాదు.

"ఆయమ్మ అబద్ధం చెప్తాంది సార్. అది మాది కాదు," అన్నాడు.

ఎస్సై రాజ్యలక్ష్మమ్మను అడిగాడు. ఆ చీరలోనే ఆమె ఈ పేటకు కాపురానికి వచ్చింది. అంచును ఒకసారి వేళ్ళతో తడిమి, కళ్ళొత్తుకుని, "మాది కాదు నాయనా," అంది. ఆ దుఃఖం మాత్రం అచ్చమైనదే.

ఫిర్యాదు లేనిచోట నేరం లేదు కనుక శివలీలను వదిలేశారు, మూటతో సహా. తాంబూలం అందిస్తూ వీరభద్ర చెవిలో గొణిగాడు. "బాధపడాకప్పా. మా నాయన ఇట్లే మాయమ్మ కాసులపేరు మాది కాదనేసె. మాది సున్నం పని, అదీ తొందరగా ఆరలేదు."

మూట చంకన పెట్టుకుని పోతున్న శివలీలకు జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. మగ్గాల వీధి మల్లక్క ఆమె వెంట పరుగెత్తింది.

"అమ్మా, మా ఇంటికి గూడా ఒక్కతూరి రామ్మా. వెనక గోడ మట్టిదే. కుక్కను నేనే కట్టేస్తా."

శివలీల ఆమెను ఎగాదిగా చూసింది.

"మీ ఇంట్లో ఏముండాదని రావల్లక్కా?" అని చక్కా పోయింది.

మల్లక్క నడివీధిలో కూలబడి ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఆమెను ఓదార్చారు. కన్నీళ్ళు తుడిచారు, నీళ్ళు తాగించారు. ఆ తరువాత, శివలీల ఏ దారిన పోయిందో ఆమెనే ఒక్కొక్కరుగా అడిగి తెలుసుకున్నారు.