ఎదురుగది పలకరింపుకు ఆరువందల మీటర్లు

స్నేహితులు కావాలంటే ముందు ఇళ్లన్నీ కూల్చి, ఆ స్థలంలో కొండలు కట్టాలి! ఈ మాట నేను నవ్వులాటకు అనడం లేదు. ఎనిమిది నెలలుగా ఈ చలిదేశంలో, బెర్గెన్ అనే ఊళ్లో చదువు వెలగబెడుతూ, కాళ్లరిగేలా తిరిగి తెలుసుకుని మరీ చెబుతున్నాను.

నాది ఇటలీలోని బారీ. మా వీధిలో ఆడవాళ్లు గుమ్మం ముందు బల్ల వేసుకుని పాస్తా చేస్తూ, దారినపోయేవాడి పెళ్లి, ఉద్యోగం, మోకాళ్ల నొప్పి అన్నీ ఆరా తీస్తేగానీ వదలరు. అలాంటి చోటు నుంచి వచ్చి ఇక్కడి హాస్టల్లో నాలుగో అంతస్తులో దిగాను. మొదటి నెలలో నాతో ఎక్కువసేపు మాట్లాడింది వాషింగ్ మెషినే. అదీ పని అయిపోయిందని చెప్పడానికే.

నా ఎదురుగదిలో హాల్వర్డ్ అనే కుర్రాడున్నాడు. తలుపుకీ తలుపుకీ మధ్య ఒకటిన్నర మీటరు. మూడు నెలలదాకా అతని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు! నేను తాళం తీసే చప్పుడైతే చాలు, అటువైపు అడుగులు టక్కున ఆగిపోయేవి. నేను మెట్లు దిగి వీధిలోకి వెళ్లాకే అతని తలుపు తెరుచుకునేది.

నామీద కోపమనుకునేరు! ఇక్కడ అది మర్యాద. పలకరించాల్సిన బాధ నుంచి ఎదుటి మనిషిని తప్పించడమన్నమాట.

మరి ఇంత మర్యాదస్తుల మధ్య సెలవురోజు గడిచేదెలా? అందుకే దేవుడు ఈ ఊరి చుట్టూ కొండలు పెట్టాడు!

ఆదివారమైతే ఊరు ఊరంతా వీపున సంచి, సంచిలో ఫ్లాస్కు, కింద పరుచుకోవడానికి జానెడు చాప పెట్టుకుని కొండెక్కుతుంది. వాన పడుతుందా అని ఎవరూ అడగరు. పడుతుంది. నవంబరులో ఒక ఆదివారం నేనూ కాన్వాసు బూట్లతో ఆరువందల మీటర్ల ఎత్తున్న ఉల్రికెన్ కొండకు బయల్దేరాను. మొదటి గంటలో గొడుగు గాలికి లేచిపోయింది. రెండో గంటలో ఎడమ బూటు బురదలో ఉండిపోయింది. దాన్ని పీకుతూంటే నేనూ అక్కడే ఉండిపోతాననిపించింది. ఇంతటి వినోదం సినిమాహాల్లో దొరుకుతుందా?

అప్పుడు జరిగింది అద్భుతం. ఎదురొచ్చిన మనిషి “హెయ్ హెయ్” అని పలకరించాడు! ఎవర్నబ్బా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు, నన్నే! తర్వాత డెబ్బై ఏళ్ల పెద్దావిడ నన్ను దాటిపోతూ ఆగింది. “ఏమ్మా, ఇక్కడికే రొప్పుతున్నావా? అసలు కొండ ఇంకా మొదలే కాలేదు,” అని నారింజపండు చేతిలో పెట్టింది. రోజూ బస్సులో నా ఎదుటి సీట్లో కూర్చుని కిటికీలోకి చూసే ఆవిడే ఈవిడ.

పైకి చేరాక ఒక పొడుగాటి కుర్రాడు తన చాపలో సగం ఇచ్చి, కాఫీ పోసి, గంటసేపు మాట్లాడాడు. అమ్మానాన్నల విడాకులు, రెండుసార్లు తప్పిన స్టాటిస్టిక్స్, కుక్కకి చేయించిన ఆపరేషన్, ఏదీ దాచలేదు. చివర్లో నువ్వెక్కడుంటావని అడిగితే హాస్టల్ పేరు, అంతస్తు చెప్పాను. అతని ముఖం పాలిపోయింది.

“ఆ తాళంచెవుల చప్పుడు నీదేనా?” అన్నాడు.

అతనే హాల్వర్డ్.

ఇక స్నేహం కుదిరిపోయిందనుకుని, మర్నాడు పొద్దున్నే తలుపు తీసి, కుక్కకి ఎలా ఉందని ఒక్క కేక పెట్టాను. అటువైపు అడుగులు టక్కున ఆగిపోయాయి.

అప్పుడు బోధపడింది. ఇక్కడి స్నేహం కొండమీద పెరిగే మొక్క, కిందకి తెస్తే బతకదు. అయినా నష్టమేముంది? పదకొండు ఆదివారాలు ఎక్కాను. నా పిక్కలు ఫుట్‌బాల్ ఆటగాడి పిక్కల్లా తయారయ్యాయి. గడప దాటకుండా కబుర్లు చెప్పుకునే మా బారీ ఆడవాళ్లకు ఈ ఆరోగ్యం ఎక్కడిది?

మార్చిలో తడిరాయి మీద జారి చీలమండ బెణికింది. హాల్వర్డ్ నా బరువంతా భుజాన మోస్తూ రెండు గంటలు దింపాడు. దారి పొడుగునా కబుర్లే! బస్‌స్టాపు కనబడగానే నోరు మూతపడింది. బస్సెక్కించి, నాకు నాలుగు సీట్ల వెనక కూర్చున్నాడు.

ఆరు వారాలు కొండెక్కకూడదని డాక్టరు చెబితే ఏడ్చేశాను. కాలి నొప్పికి కాదు. ఆరు వారాలు నాతో మాట్లాడే మనిషి ఉండడని. రోజూ సాయంత్రం నా తలుపు గొళ్లేనికి చేపల సూపు డబ్బా వేలాడేది. నేను కుంటుకుంటూ వెళ్లి తలుపు తీసేసరికి వరండా ఖాళీ. సూపు బాగానే ఉండేది, కానీ సూపుతో ఎంతసేపని మాట్లాడతాం?

అందుకని పోయిన ఆదివారం ఉన్ని టోపీ పెట్టి, మంచి కాలికి బూటు తొడిగి, సంచి తగిలించుకుని, మెట్ల మలుపులో చాప పరిచి, పక్కన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాను. హాల్వర్డ్ వీపున కొండసంచితో కిందనుంచి వచ్చి ఆగాడు. చాప చూశాడు, ఫ్లాస్కు చూశాడు. అతని ముఖం విప్పారింది.

“హెయ్ హెయ్. పైన ఎలా ఉంది?”

“గాలి కొంచెం ఎక్కువ,” అన్నాను.

తన సంచిలోంచి చాప తీసి పక్కన కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మా అంతస్తువాళ్లు ఇంకో ఇద్దరు ఫ్లాస్కులతో చేరారు. వాళ్లు లేచి వెళ్లాక హాల్వర్డ్ నేలచూపులు చూస్తూ అన్నాడు:

“నీ తలుపు కొడదామని రోజూ అనుకున్నాను. ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలో తెలియలేదు.”

“సూపు ఉందిగా చేతిలో.”

“అది ఇచ్చేస్తే అయిపోతుందిగా. ఆ తర్వాత?”

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం: ప్రతి హాస్టల్ మెట్లనూ వెంటనే కొండగా ప్రకటించండి! మలుపు మలుపునా ఎత్తు రాసిన బోర్డు పెట్టండి. ఖర్చు తక్కువ, వాన పడదు, చీలమండలు మిగులుతాయి.

జూన్‌లో నా చదువు అయిపోతుంది, వెళ్లిపోతాను. ఈలోగా బూట్లు లేకుండా, సంచి లేకుండా, చేతిలో సూపు కూడా లేకుండా, ఒక్కసారైనా ఎవరైనా ఊరికే వచ్చి తలుపు కొడతారేమోనని లోపల గడియ పెట్టడం మానేశాను.